గడియారం బడి ఓటర్లకు గమనిక

పద్మారావు నగర్, సికింద్రాబాద్
మే నెల, ఆదివారం

ఉమేరా,

కవరు మీద నా చేతిరాత చూసి ముందు నవ్వి ఉంటావు. ఎంఏ అయ్యాక మనం ఒకరికొకరం రాసుకున్నదంతా ఫోనులో రెండు ముక్కలు, పక్కన ఒక పసుపుపచ్చ బొమ్మ. ఇప్పుడు కాగితం దేనికంటే, నా ఫోను సైబర్ పోలీసుల దగ్గరుంది. పరీక్షకు పంపారట. మా ఆయన హరికిషన్ ఫోను నుంచి నీ నంబరు కొట్టి, నువ్వు ఎత్తకముందే పెట్టేశాను. నా గొంతు విని, "ఇది నిజంగా భవానియేనా" అని నువ్వు ఒక్క క్షణం ఆగినా నేను తట్టుకోలేను. చేతిరాతను ఇంకా ఎవరూ ఎత్తుకుపోలేదు.

టీవీలో పనిచేసేదానివి, నీకు కొంత తెలిసే ఉంటుంది. అయినా నా వైపు నుంచి చెప్తాను.

స్టేషన్‌లో బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఆ గొంతు నాదని నీకు తెలుసు. ఆ పని ఎలా చేస్తారో ఎప్పుడైనా చెప్పానో లేదో. వాక్యాలు చదివించరు, ముక్కలు చదివిస్తారు. ఊరి పేరు ఒక ముక్క, అంకె ఒక ముక్క, "ఆలస్యంగా నడుస్తున్నది" ఒక ముక్క. ఏ ముక్కా ఎటువైపూ వాలకూడదు. రేపు దాన్ని దేని పక్కన అతికిస్తారో తెలియదు కదా. ఇన్నేళ్ళూ అలా వాలకుండా పలకడమే నా విద్య. పోయిన ఏడాది ఒక విదేశీ కంపెనీ, యంత్రాలకు తెలుగు నేర్పుతున్నామని చెప్పి, అమీర్‌పేటలో ఒక స్టూడియోలో నాచేత వారం పాటు చదివించింది. వాళ్ళకు స్టేషన్ తెలుగు ఒక్కటే చాలలేదు, ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా కావాలన్నారు. ఇచ్చాను. కాగితాలు చదివే సంతకం పెట్టాను. అర్థమైందనే అనుకున్నాను.

ఉప ఎన్నికకు ముందురోజు సాయంత్రం చిలకలగూడ గల్లీల్లో ఫోన్లు మోగాయి. ఎత్తితే నేను. మీ పోలింగ్ కేంద్రం మారిందనీ, పట్టాల అవతల మెట్టుగూడకు వెళ్ళమనీ చెప్పాను. నేను చెప్పలేదు, నా గొంతు చెప్పింది. ఈ రెండింటికీ తేడా పోలీసులకు రెండు రోజుల్లో అర్థమైంది. సాక్షిని మాత్రమేనని పంపించేశారు. గల్లీవాళ్ళకు ఇంకా అర్థం కాలేదు. నాకే సగం అర్థం కాలేదు. చాలామంది మెట్టుగూడకు పోయి, అక్కడేమీ లేదని తెలుసుకుని, ఎండలో తిరిగొచ్చారు. కొందరు తిరిగి ఓటుకే పోలేదు. ఎండకు ఒక పెద్దావిడ పడిపోయిందట. గెలిచినాయన కొద్ది ఓట్లతో గెలిచాడు. ఆ గల్లీలు ఎన్నడూ ఆయనకు వేసేవి కావు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

మీ ఛానెల్ కూడా చూశాను. ప్రపంచం మ్యాపు మీద ఒక ఎర్ర బాణం సముద్రం దాటి వచ్చి చిలకలగూడ మీద వాలింది. పక్కన నా ఫోటో. హరికిషన్ నన్ను నవ్వించాలని, "మనింటికి గూగుల్ల సుత తొవ్వ దొరకదు, గీళ్ళకెట్ల దొరికిందే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకు అన్నం పెట్టడం మరిచిపోయాను.

దీని వెనక ఎవరున్నారో అక్కడ మీకేమైనా తెలుసా? నన్ను నిర్దోషినని చూపించమని అడగడం లేదు. ఎవరు చేశారో తెలియాలి. ఆ గల్లీలో మళ్ళీ నడవాలంటే నాకు ఆ పేరు కావాలి.

భవాని

*

నోయిడా
జూన్

నా స్టేషన్ మాస్టరమ్మకు,

స్పీడ్ పోస్టు కవరు చూసి మా సెక్యూరిటీ అతను, "మేడమ్, కోర్టు నోటీసా?" అని నాకంటే ముందు పరేషాన్ అయ్యాడు. మా దోస్తు రాసిందంటే నమ్మలేదు. ఈ రోజుల్లో దోస్తులు ఉత్తరాలు రాస్తారా అన్నాడు. గొంతు పోయినోళ్ళు రాస్తారు భాయ్ అని చెప్పి పైకొచ్చి, బాత్రూంలో కూచుని చదివాను.

ముందు నీకు పనికొచ్చేది చెప్తాను. ఆ బాణం అబద్ధం కాదు. కాల్స్ నిజంగానే వేరే దేశంలోని సర్వర్ల నుంచి వచ్చాయి. రిపోర్టు నేను చదివాను. నీ గొంతు కొన్న కంపెనీ దాన్ని ఇంకెవరికో అమ్మింది, వాళ్ళు ఇంకెవరికో. అంతవరకు నిజమే. కానీ భవానీ, ఆ బాణం గీసిన రోజు నుంచి మా న్యూస్‌రూంలో ఎవ్వరూ సికింద్రాబాద్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. దొంగ సముద్రం అవతల ఉన్నాడంటే అందరికీ హాయి. గెలిచినాయనకు హాయి, ఓడినాయనకు హాయి, మాకైతే ఇంకా హాయి. ఊరికి కెమెరా పంపక్కర్లేదు, మ్యాపు చాలు. కుట్రను దాటి ప్రజలు తనను గెలిపించారని ఆయన ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. మేము తల ఊపుతున్నాము.

ఇంకోటి. ఆ కాల్‌లో ఏమన్నారో ఇక్కడ ఎవరికీ తెలియదు. నీ గొంతు రెండు సెకన్లు వినిపించి, దాని మీద యాంకర్ హిందీలో అరుస్తాడు. నాకు పూర్తి మాటలు కావాలి. మీ గల్లీలో ఎవరి ఫోనులోనైనా రికార్డు ఉంటుంది. అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు.

లచ్చమ్మ ఎట్లుంది? ఆ కాల్ తనకూ వచ్చిందా? రైల్వే క్వార్టర్ల గేటు దగ్గర ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతూ, "ఓ ఉమ్రమ్మా, పైసల్ రేపియ్యి, పల్లి ఇయ్యాల్నే తిను" అనేది. నేను వచ్చినప్పుడు చూద్దామనుకుంటూనే రెండేళ్ళయింది. ఈసారి తప్పక.

నీ,
ఉమేరా

*

పద్మారావు నగర్
జూన్ చివర

ప్రియమైన ఉమేరాకు,

ఎండకు ఒక పెద్దావిడ పడిపోయిందట అని రాశాను. ఆ 'అట' వెనక దాక్కున్నాను. ఆ పెద్దావిడ లచ్చమ్మ. నీకు రాస్తే నిజమైపోతుందేమోనని రాయలేదు. రాయకపోయినా నిజమే.

లచ్చమ్మ పక్కింటి అక్బర్ బీ చెప్పింది. ఆమెకు రెండు కళ్ళలోనూ పొరలు, వినడమే ఆమెకు చూడడం. లచ్చమ్మ ఫోను స్పీకర్లో పెట్టి ఆమెకూ వినిపించిందట. "ఎంత ఖుషీ అయింది బేటా! 'సూసినవా బీ, స్టేషన్ల దొరసాని లెక్క మాట్లాడేటి పోరి, ఇయ్యాల మన లెక్కనే మాట్లాడింది' అన్నది. రైలన్న తప్పుతదిగని భవాని మాట తప్పదని, పొద్దుగాల్నే చీర కట్టుకొని బయల్దేరింది."

నీకు గుర్తుందో లేదో, నా స్టేషన్ తెలుగు మీద ఆమెకు ఎప్పుడూ ఒక కంప్లయింటు. "గదేం మాట, నోట్ల నీళ్ళు వోసుకున్నట్టు" అనేది. ఆ ఫోనులో మాత్రం ఆమె భాషలో మాట్లాడాను. అందుకే పోయింది. ఆలుగడ్డబావి వంతెన కింద నుంచి నడిచి మెట్టుగూడ పోతే, కమ్యూనిటీ హాలుకు తాళం ఉంది. చాలాసేపు అక్కడే మెట్ల మీద కూచుందట, భవాని చెప్పింది, తెరుస్తరు అని తోటివాళ్ళకు చెప్తూ. తర్వాత వెనక్కి నడిచి వచ్చి, బడి దగ్గర లైన్లో నిలబడి, అక్కడే కూలింది. వేలికి సిరా పడలేదు.

దినానికి పోయాను. అల్లుడు విజయేందర్ గుండుతో అందరికీ నీళ్ళిస్తున్నాడు. నన్ను చూసి చెంబు పట్టుకుని లోపలికెళ్ళిపోయాడు. లచ్చమ్మ కూతురు మాధురి నా దగ్గరికి వచ్చింది. మన కళ్ళ ముందు పెరిగిన పిల్ల. నేను నోరు తెరవబోయాను. "అక్కా, మాట్లాడకు. కూసో, అన్నం తిను, ఎల్లిపో. గని మాట్లాడకు. నీ గొంతు ఇంటే నాకు గా ఫోనే యాదికొస్తది" అంది. మాట్లాడలేదు. తిన్నాను, వచ్చేశాను. మాధురి పనికి పోవడానికి రోజూ స్టేషన్‌లో లోకల్ ఎక్కుతుంది. నేను రోజూ ఆమె నెత్తి మీద మోగుతున్నాను.

నువ్వడిగిన మాటలు ఇవి. అక్బర్ బీ మనవరాలి ఫోనులో ఉంటే విని రాసుకున్నాను.

"దయచేసి వినండి. గడియారం బడి ఓటర్లకు గమనిక. మీ ఓట్లు ఈపారి పట్టాల అవతల మెట్టుగూడ కమ్యూనిటీ హాలుకు మారినయ్. ఎండ ముదరకముందే పొద్దుగాల్నే పోండ్రి. ఆధార్ కార్డు మర్వకుండ్రి."

ఇక ఒక సంగతి. అడగకూడదనే అనుకున్నాను. మీ ఛానెల్ చూపించిన నా ఫోటో ఆర్ట్స్ కాలేజీ రోజులది. నవ్వుతున్నాను. పక్కన కత్తిరించారు గానీ, నా భుజం మీద ఒక చెయ్యి మిగిలిపోయింది. ఆ గాజులు చార్మినార్ దగ్గర నేనే కొనిచ్చాను. ఆ ఫోటో కాపీలు రెండే ఉన్నాయి. ఒకటి నా బీరువాలో ఉంది.

భవాని

*

నోయిడా
జూలై

భవానీ,

ఫోటో నేనే ఇచ్చాను.

సాకులు చెప్పను, జరిగింది చెప్తాను. వాళ్ళ దగ్గర పోలీసు స్టేషన్ బయట తీసిన ఫోటో ఉంది. నువ్వు ముఖం మీదికి కొంగు లాక్కుంటున్నావు. అది వేస్తే దేశమంతా నిన్ను దొంగ అంటుంది. నేను ఆపలేనని తెలుసు. కనీసం నవ్వే ముఖం పెడితే, ఇంత చక్కగా నవ్వే మనిషిని ఎవరూ అనుమానించరు అనుకున్నాను. ఎంత బేవకూఫ్ లెక్క! ఇరవై ఏళ్ళ నుంచి టీవీలో ఉన్నాను, నవ్వే ముఖం పక్కన ఎర్ర బాణం పెడితే ఏమవుతుందో నాకు తెలియదా? దేశాన్ని అమ్మేసి నవ్వుతోంది చూడండి అన్నాడు యాంకర్. నేను గాజు గోడ అవతల నిలబడి విన్నాను. నీకు చెప్పలేదు. పోయిన ఉత్తరంలో అంత వాగుడు అందుకే.

లచ్చమ్మ సంగతి చదివి అమ్మీకి చెప్పాను. అమ్మీ తరుగుతున్న ఉల్లిగడ్డ పక్కన పెట్టింది. తర్వాత, "దాని పల్లికాయలో ఉప్పు సరిగ్గా ఉండేది" అంది. అంతే. లేచి నమాజుకు పోయింది.

ఇప్పుడు విను. కోపం తర్వాత పడుదువు, ముందు ఇది విను. నువ్వు పంపిన మాటలు పదిసార్లు చదివాను. గడియారం బడి! ఆ బడికి గడియారం ఎక్కడుందే? మనం స్కూల్లో ఉన్నప్పుడే ఊడిపడింది. గోడ మీద గుండ్రటి మచ్చ ఒక్కటే మిగిలింది. బోర్డు మీద ఆ పేరు లేదు, ఓటరు స్లిప్పు మీద లేదు, మ్యాపులో లేదు. ఆ పేరు తెలిసిన సర్వర్ ఏ దేశంలోనూ ఉండదు. ఆ పేరుతో పిలిచేది చిలకలగూడ ఒక్కటే.

యంత్రం అక్కడిదే కావచ్చు, మాటలు ఇక్కడివి. ఎవరో మనవాళ్ళు కూచుని రాశారు. ఎవరు రాయమంటే రాశారు, ఏ ఆఫీసులో రాశారు? అది తేలితే బాణం తిరగబడుతుంది. గెలిచినాయన్ని మొదటిసారి ఒక ప్రశ్న అడగొచ్చు. నాకు ఒక్క మనిషిని పట్టివ్వు.

నువ్వు నన్ను ఎందుకు నమ్మాలో మాత్రం నాకు తెలియదు.

ఉమేరా

*

పద్మారావు నగర్
ఆగస్టు, వాన

ఉమేరా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడం ఆలస్యమైంది కోపం వల్ల అనుకుంటావు. కోపం కొంత ఉంది. మిగతాది వేరే.

బోనాల తర్వాత ఒక మధ్యాహ్నం విజయేందర్ మా ఇంటికి వచ్చాడు. తడిసి ఉన్నాడు. హరికిషన్ టవలిచ్చి, చాయ్ పెడతానని వంటింట్లోకి పోయాడు.

"నాతోని మాట్లాడొచ్చునా నువ్వు? మీ ఆమె ఏమనదా?" అన్నాను.

"దానికి తెల్వది అక్కా, వచ్చినట్టు." టవల్ ఒళ్ళో పెట్టుకుని తుడుచుకోకుండానే కూచున్నాడు. "టీవోళ్ళు నిన్ను గట్ల జూపెడుతుంటే నిద్ర పడ్తలేదు. గది రాసింది నేను."

వానకు సరిగ్గా వినబడలేదని, మళ్ళీ చెప్పమన్నాను. వినబడింది.

"ఎలక్షన్లప్పుడు, గిప్పుడు గెల్సిన అన్న ఆఫీసుల పనికి పోయిన. నంబర్లు కొట్టేటి పని. ఒకనాడు పీఏ కాయితం తెచ్చిండు. 'మిషిన్ రాసిన తెలుగిది, గీ భాష ఎవడింటడ్రా, మీ గల్లీల ఎట్ల మాట్లాడుతరో గట్ల రాయి' అన్నడు. రాసిచ్చిన. నీ గొంతుల వస్తదని తెల్వదు."

"అబద్ధమని తెల్వదా?"

"సెంటర్ మారిందన్నరు. మారిందే అనుకున్న." నా వైపు చూడకుండా అన్నాడు.

"అట్లయితే నువ్వేడ ఓటేసినవ్?"

ఒళ్ళో టవల్ మడతలు పెట్టాడు. కాసేపటికి, "పొద్దుగాల ఆఫీసుల డ్యూటీ ఉండె. పగటీలి బడికి పోయిన. అప్పటికే అత్తమ్మ..." అని ఆగాడు.

నాకొకటి అడగాలనిపించింది. అడగకుండా ఉండాల్సింది. "ఎండ ముదరకముందే అని ఎవరు చెప్పిన్రు రాయమని?"

"ఎవ్వలు చెప్పలే అక్కా. నేనే రాసిన. ముసలోళ్ళుంటరు గదా అని."

అప్పుడు ఏడ్చాడు. హరికిషన్ చాయ్ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అప్పట్నుంచి దీన్నే తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాను. ముసలివాళ్ళకు ఎండ తగలకూడదని ఆలోచించినవాడు, అబద్ధమని తెలిసి రాస్తాడా? రాయడు అనుకుంటాను. మళ్ళీ, రాయగలడేమో, మనిషి ఈ రెండూ ఒకే పూటలో చేయగలడేమో అనుకుంటాను. నాకు తెలియదు. నువ్వు కూడా నా ముఖానికి మంచి జరగాలనే ఇచ్చావు కదా ఫోటో.

పోయేముందు అన్నాడు: "టీవీల చెప్పకు అక్కా. చెప్తె నన్నొక్కన్నే లోపలేస్తరు. పీఏ నేనెవన్నో తెల్వదంటడు. అన్న కుర్చీల కూసొని దేశం గురించి చెప్తడు. మాధురికి అమ్మ పాయె, నేను సుత పోవాల్నా?"

అతను చెప్పింది నిజం. నీకూ తెలుసు నిజమని. పేరు దాచి రాద్దామనుకున్నాను, దాస్తే నువ్వు అడిగినదానికి అర్థం లేదు. రాసేశాను. ఇప్పుడది నీ చేతిలో ఉంది. ఒక్కటి చెప్పు. ఈ పేరు ఇస్తే, బాణం ఆయన దాకా పోతుందా, విజయేందర్ దగ్గరే ఆగుతుందా? పోతుందని నువ్వు మాటిస్తే వాడుకో. ఇవ్వలేకపోతే, నీకు నేను ఈ ఉత్తరం రాయలేదు.

భవాని

*

నోయిడా
సెప్టెంబరు

భవానీ,

మాటివ్వలేను. అందుకే నీ ఉత్తరాన్ని ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చి, అమ్మీ ఖురాన్ పెట్టుకునే గూట్లో దాచాను. నా దగ్గర్నుంచి ఈసారి ఏదీ బయటికి పోదు.

అయినా ఊరుకోలేదు. గెలిచినాయన ఢిల్లీ వచ్చాడు. ఎందుకో తెలుసా? ఎన్నికల్లో విదేశీ జోక్యం మీద పెద్ద సదస్సు, ఆయన ముఖ్య వక్త. బాధితుడు కదా! చివర్లో విలేకరులకు సమయం ఇచ్చారు. లేచి తెలుగులోనే అడిగాను. "సార్, ఆ కాల్‌లో గడియారం బడి అని ఉంది. ఆ పేరు విదేశాల్లో ఎవరికి తెలుసు? ఆ వాక్యాలు మీ నియోజకవర్గంలో ఎవరు రాశారో మీరు విచారించారా?"

ఒక్క క్షణం, భవానీ, ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో ఆగింది. నేను చూశాను. తర్వాత పెద్దగా నవ్వాడు. "ఏ గల్లీ అమ్మా మీది?"

"మెట్టుగూడ."

"అరెరె, మన ఆడబిడ్డనే! ఢిల్లీల మన భాష ఇంటే పానం లేచొచ్చినట్టుంది. జెర ఆగు బిడ్డా, చాయ్ తాగి పోదువు." హాలంతా నవ్వింది. పక్కనున్నాయన ఇంకో ప్రశ్న అడిగాడు. అంతే. నాకు దొరికిన జవాబు ఒక చాయ్. అది కూడా తాగలేదు.

ఆ క్లిప్ వేయలేదు. మా ఎడిటర్ పిలిచి, "రాసినవాడు దొరికాడా? పట్టుకురా, గంటసేపు షో. కుట్రకు లోకల్ ఏజెంట్ అని" అన్నాడు. మరి రాయించినవాడు అంటే, ముందు వీణ్ణి తే అన్నాడు. నాకెవరూ దొరకలేదు సార్ అన్నాను. దొరికాడని నా ముఖంలో ఉందేమో, మరుసటి వారం నుంచి పొద్దుటి రాశిఫలాల కార్యక్రమానికి మార్చారు. మా నాన్న ఉంటే పడీ పడీ నవ్వేవాడు. నీది కన్యారాశి కదా, ఈ వారం నీకు మౌనం మేలట. నమ్మకు, రాయించింది నేనే.

విజయేందర్ పేరు చెప్పకపోవడం మంచిపనో, ఇప్పటికే మూసి ఉన్న కుండ మీద నేనూ ఒక మూత పెట్టడమో తేల్చుకోలేకపోతున్నాను. ఈ సందేహాలు నీ డిపార్ట్‌మెంటు అనుకునేదాన్ని. అంటుకున్నాయి. లచ్చమ్మ ఎవరు రాసిన మాటకు పోయిందో తెలిసినవాళ్ళం నలుగురం ఉన్నాం, నువ్వు, నేను, హరి, అతను. తెలియాల్సిన మనిషికి తెలియదు.

నీ ఉమేరా
(నీ అని రాయొచ్చు కదా?)

*

పద్మారావు నగర్
నవంబరు

నా ఉమేరా,

రాయొచ్చు.

నీ చివరి వాక్యం చదివాక విజయేందర్‌ను పిలిపించాను. టీవీకి చెప్పనన్నాను. మాధురికి మాత్రం నువ్వే చెప్పాలన్నాను. దసరా దాకా ఆగు అక్కా అన్నాడు. దసరా పోయింది. దీపావళి దాకా అన్నాడు. నేనూ ఆగాను. ఆగడం నాకు అలవాటే కదా, బళ్ళన్నీ ఆలస్యంగానే నడుస్తాయి.

దీపావళి తర్వాత మాధురి వచ్చింది. చెప్పేశాడని ముఖం చూస్తేనే తెలిసింది. చెప్పులు విడవకుండా గడప దగ్గరే నిలబడింది.

"నీకెప్పట్సంది తెల్సు?"

"వానలప్పట్సంది."

"గన్ని నెలలు! నేను తొవ్వల గలిస్తె తల దించుకొని పోతివి. నీ గొంతు దొంగిలిచ్చిన్రు పాపమని నేను సుత అనుకుంటి అక్కా."

"నీ సంసారం ఏమైతదోనని..."

"మా అమ్మ నిన్ను నమ్మి పోయింది. నువ్వు నన్ను నమ్మకపోతివి." గొంతు పెంచలేదు. "నా మొగణ్ణి ఏంజేసుకోవాల్నో నేను జూస్కుంట. అది నీ పని గాదు. నీ పనొకటున్నది. గల్లీకొచ్చి చెప్పు. ఆనాడు గల్లీ మొత్తానికి చెప్పినవ్ గదా, ఇప్పుడు సుత గల్లీ మొత్తానికి చెప్పు."

ఆనాడు చెప్పింది నేను కాదని అనలేదు.

అంతకుముందే ఆమె విజయేందర్‌ను పోలీసు స్టేషన్‌కు తీసుకుపోయి ఫిర్యాదు రాయించిందట. పీఏ పేరు, ఆఫీసు పేరు, అన్నీ. అక్కడ తీసుకున్నారు, ముద్ర వేసి కాగితం ఇచ్చారు. ఇది విదేశీ వ్యవహారం కదమ్మా, పైవాళ్ళ ఫైలులో కలుపుతాం అన్నారు. అతన్ని ఒకసారి పిలిచి అడిగారు. పీఏను పిలిచినట్టు ఎవరూ చూడలేదు. గెలిచినాయన మొన్న ఆ బడికి కొత్త గడియారం పెట్టించాడు. కొబ్బరికాయ కొట్టాడు, ఫోటోలు దిగాడు. ఇది నేను కల్పించి రాయడం లేదు. నీ ప్రశ్న ఆయనకు చేరినట్టే ఉంది.

ఆదివారం పొద్దున గల్లీకి పోయాను. లచ్చమ్మ ఇంటి అరుగు మీద నిలబడ్డాను. మైకు లేదు. జీవితంలో మొదటిసారి మైకు లేకుండా పదిమందికి ఒక సంగతి చెప్పబోతున్నాను. విజయేందర్ పక్కనే నిలబడ్డాడు, తల ఎత్తకుండా. మాధురి గుమ్మంలో ఉంది. "దయ" అని నోటికొచ్చింది, అలవాటు, మింగేశాను.

"నేను భవానిని" అన్నాను.

వెనక ఎవరో, "ఫోనా, నువ్వా?" అన్నారు. కొందరు నవ్వారు. ఎగతాళికి కాదు. నిజంగానే తెలియక అడిగారేమో కూడా. నేనే అని ఎలా రుజువు చేయను? ఆ ఫోను కూడా అదే గొంతుతో అదే అనేది.

అక్బర్ బీ గోడ పట్టుకుంటూ అరుగు ఎక్కింది. నా చెయ్యి తడిమి, భుజం తడిమి, అరచెయ్యి తెచ్చి నా గొంతు మీద పెట్టింది. "ఇప్పుడు చెప్పు బేటా" అంది.

చెప్పాను. నా గొంతు ఎక్కడ అమ్ముకున్నానో, ఎవరి ఆఫీసులో ఆ మాటలు రాయించారో, ఎవరు రాశారో, ఎవరికి లాభమైందో. నాకు తెలిసి ఎన్ని నెలలు ఊరుకున్నానో. ఒక్క మాటా నిటారుగా రాలేదు. అన్నీ ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. మధ్యలో విజయేందర్, "అవు, నేనే రాసిన" అన్నాడు. ఎవరో అతని మీద ఉమ్మారు. ఎవరో ఆపారు. ఎవరు నమ్మారో, ఎవరు నమ్మలేదో నేను చెప్పలేను. మెల్లగా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అన్నం వేళయింది.

స్టేషన్ కొత్తగా కడుతున్నారు కదా, కొత్త అనౌన్స్‌మెంట్లకు మళ్ళీ చదవమన్నారు. వద్దని రాసిచ్చాను. ఇంకో అమ్మాయి చదువుతుంది. పాతవి ఉన్నన్నాళ్ళు మాధురి నన్ను వింటుంది, ఆపైన వినదు.

ఆ ఆదివారం చెప్పడం అయిపోయాక కూడా అక్బర్ బీ నా గొంతు మీది చెయ్యి తీయలేదు. "ఇంకా అదురుతనే ఉన్నది" అంది, నాతో కాదు, మాధురితో. మాధురి లోపలికి పోయి లచ్చమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను తాగేదాకా నిలబడింది. చెంబు తీసుకుంది. తలుపు వేసుకుంది.

భవాని